గరిటె అడుగుదాకా దించండి

చిరంజీవి బుజ్జికీ, నీ స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ మహాసమితి సమావేశమైందనీ, అప్పుడే పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించారనీ చదివావు కదా. కోటి మంది సభ్యులు, కోటి రూపాయల స్వరాజ్య నిధి, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించారు. అదంతా వదిలేసి నువ్వు అడిగిందేమిటి? "అంత జనం ఏం తిన్నారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని. భలే అడిగావు తల్లీ! పాఠంలో రాట్నాల లెక్క ఉంది, విస్తళ్ళ లెక్క లేదు.

ఊరి చరిత్ర చారు గిన్నె లాంటిది. నాయకులు, తీర్మానాలు, తేదీలు పైన తేట. ఎవరైనా వంచుకోవచ్చు. పప్పు మాత్రం అడుగున ఉంటుంది, గరిటె దించి కలపాలి. ఇక పోపు సంగతి. మా పెద్దవాళ్ళ కబుర్లలో ఇంగువ ఘాటు ఎక్కువ, నావి మరీను. కమ్మగా ఉందని పోపునే చారనుకోకండి, పక్కింటి గిన్నె కూడా రుచి చూడండి. చింతపండు దగ్గరికి వస్తే... వద్దులే, ఆకలేస్తోంది.

మా అమ్మ పద్దుల పుస్తకం నా దగ్గరుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి 16 అణాలు పోయి 100 పైసలయ్యాయి. ఆ నెల పేజీలో పాలకు అణాలు, ఉప్పుకు పైసలు, కిరసనాయిలుకు రెండూ! మజ్జిగ అవ్వ రోజుకో అణా చొప్పున ఆరేసి పైసలు తీసుకుంటే నాలుగు రోజులకు 24 అయ్యాయి. పావలా అంటే 25 కదా అని అరుగు మీద పెద్ద గొడవ. పేజీ అంచున అమ్మ రాసుకుంది: "అవ్వకు బాకీ 1 పైసా". ఆ ఏడాదే ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. పుస్తకంలో దాని ఊసే లేదు!

పద్దు రాయడం రానివాళ్ళ మాటేమిటి? మా చిన్నప్పుడు ఏలూరు కాలువలో సరుకుల పడవలు తిరిగేవి. గట్టు మీద తాడు లాగుతూ నడిచేవారు కొందరు, పడవలోనే పొయ్యి రాజేసి చేపల పులుసు కాచేవారు ఇంకొందరు. ఆ వాసన వెంట ఎంత దూరం పరుగెత్తేవాళ్ళమో! వాళ్ళ బతుకులు ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. అడిగి తెలుసుకోవలసిందే.

ఈ ఆదివారం కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్ళండి. బేరాలు తగ్గాక, వయసు మళ్ళిన వాళ్ళెవరినైనా పలకరించండి. చరిత్ర చెప్పమంటే బెదిరిపోతారు. "మీ చిన్నప్పుడు పొద్దున్నే ఏం తినేవారండీ?" అని అడగండి చాలు. చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, మీ పంతులమ్మ భాషలోకి దిద్దకండి. పైన తేదీ వేయండి.