చార్మినార్ బొమ్మలో కరెంటు తీగలు ఉండాలా? నీటిరంగుల్లో పాత హైదరాబాద్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ పాత కట్టడాలను నీటిరంగుల్లో వేయడం నా పని. గోడకు తగిలించుకోవడానికి కాదు, ఆ కట్టడం ఫలానా రోజున ఎలా ఉందో తర్వాత వాళ్లకు తెలియడానికి. ఎగ్జిబిషన్లలో, వర్క్‌షాపుల్లో జనం అడిగేవి, అనేవి చాలావరకు అవే మాటలు. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, కొన్నింటికి కుదరదు.

అపోహ: చేతిలో కెమెరా ఫోన్ ఉండగా ఈ కష్టమెందుకు?

కెమెరాతో నాకేమీ పేచీ లేదు. నేనూ ఫోటోలు తీసుకుంటాను. ఆరో నిజాం కాలంలో ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన ఫోటోలే లేకపోతే ఆనాటి హైదరాబాద్ గురించి మనకు తెలిసింది సగం కూడా ఉండదు. కానీ పాతబస్తీ గల్లీలో ఒక దేవిడీ (నవాబుల కాలపు పెద్ద భవంతి) ముఖద్వారాన్ని ఫోటో తీసి చూడండి. వెనక్కి జరగడానికి చోటుండదు. వైడ్ లెన్స్ పెడితే గోడలు పైకెళ్లే కొద్దీ లోపలికి వంగిపోతాయి. ఎండ పడ్డ గోడ తెల్లగా పేలిపోతుంది, కమాను లోపల అంతా నల్లగా ముద్దయిపోతుంది. కన్ను ఆ రెండింటినీ చూడగలదు. నాలుగు చోట్ల నిలబడి చూసినదాన్ని ఒకే కాగితం మీద కొలత తప్పకుండా కూర్చే వీలు బొమ్మకుంది.

ఇది నా సొంత వాదనేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో ‘రికార్డింగ్ బ్రిటన్’ అని ఒక పథకం నడిచింది. బాంబులకో, కొత్త కట్టడాలకో పోతాయనుకున్న ఊళ్లను, చర్చిలను, వీధులను చిత్రకారులకు డబ్బిచ్చి ఎక్కువగా నీటిరంగుల్లోనే వేయించారు. 1,500కు పైగా బొమ్మలు తయారయ్యాయి. ఇప్పుడవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. అప్పటికి కెమెరాలు లేక కాదు. చిత్రకారులకు పని దొరుకుతుందన్న ఉద్దేశమూ అందులో ఉంది, అది వేరే సంగతి.

అపోహ: తీగలు, బోర్డులు, ఏసీ డబ్బాలు తీసేస్తే బొమ్మ బాగుంటుంది

ఎక్కువ చర్చ నడిచేది దీనిమీదే. నా మాట కాస్త కటువుగా ఉన్నా పరవాలేదు. మార్కెట్‌లో దొరికే ‘ఓల్డ్ సిటీ’ బొమ్మల్లో ఎక్కువ భాగం నమోదు కిందికి రావు. అందులో చార్మినార్ ఉంటుంది, పావురాలుంటాయి, ఒక టాంగా కూడా ఉంటుంది. అది ఏ సంవత్సరపు చార్మినారో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

కట్టడం ఎలా పాడవుతోందో చెప్పేది మనం ‘చెత్త’ అనుకుని వదిలేసే వాటిలోనే ఉంటుంది. పిట్టగోడ సందులో మొలిచిన రావి మొక్క చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దాని వేరు మాత్రం డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పూతను లోపలినుంచి విడదీస్తుంటుంది. చూరు కింద నల్లటి చార కనిపిస్తే నీళ్లు పోయే తూము పూడుకుపోయిందని అర్థం. ఒక కమానును ఇటుకలతో మూసి షట్టర్ బిగించారంటే ఆ ఇంటి వాటాలు ఎలా పంచుకున్నారో కొంత తెలుస్తుంది. వీటిని చెరిపేసి వేస్తే మనం వేసింది ఆ భవనాన్ని కాదు, మన మనసులో ఉన్న నవాబుల కాలాన్ని.

2019 మే నెలలో చార్మినార్ ఒక మినార్ మీది గచ్చు (సున్నపు పూత) అలంకారం ముక్క ఊడి కిందపడింది. అంతకుముందు అక్కడ పగులు ఉందా, తేమ మరక ఉందా అని పాత బొమ్మల్లో వెతికితే ‘అందంగా’ వేసినవి ఒక్కటీ పనికిరావు. మినార్‌ను నాలుగు గీతల్లో తేల్చేసి, పువ్వుల నగిషీకి బదులు చుక్కలు పెట్టేసిన బొమ్మలవి.

అలాగని ప్రతి కేబుల్ తీగనూ గీయక్కర్లేదు. గోడకు మేకులు కొట్టి బిగించినవి గీస్తాను, గాల్లో వేలాడేవి మానేస్తాను. మొదటివి కట్టడానికి జరిగిన గాయాలు. రెండోవి రేపు ఉంటాయో ఉండవో తెలియదు.

అపోహ: పాత కట్టడమంటే గోధుమ రంగే

సెపియా ఫోటోలు చూసిచూసి అబ్బిన అలవాటిది. హైకోర్టు భవనం ముందు నిలబడి చూడండి. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీసిన, 1920లో ప్రారంభమైన ఆ కట్టడంలో ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైట్ కలిసి ఉంటాయి. మొజంజాహీ మార్కెట్‌ది ఇంకో గ్రానైట్, దానిలో బూడిద రంగు పాలెక్కువ. పైగా పూటపూటకీ గ్రానైట్ తీరు మారుతుంది. పొద్దున్న చల్లగా నీలం వైపు మొగ్గుతుంది, సాయంత్రానికి వెచ్చబడుతుంది. ట్యూబులో దొరికే గ్రే వాడితే ఆ తేడా చచ్చిపోతుంది. అల్ట్రామరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి, ఏది ఎంతన్నది అక్కడికక్కడ తేల్చుకోవాలి.

సున్నం పూతది ఇంకో కథ. పాత డంగు సున్నం ఎండలో పాలమీగడలా ఉంటుంది, దాని నీడలో లేత ఊదా కనిపిస్తుంది. మరమ్మతు పేరుతో సిమెంటు పూసిన చోట ఆ ఊదా ఉండదు, చదునైన బూడిద రంగు మిగులుతుంది. సిమెంటు గోడను ఊపిరాడనివ్వదు, లోపలి తేమ బయటికి రాలేక పక్కనున్న సున్నాన్ని తినేస్తుంది. ఒకే గోడ మీద ఈ రెండు రంగులూ జాగ్రత్తగా వేరుచేసి వేస్తే ఎక్కడెక్కడ సిమెంటు పడిందో ఆ బొమ్మే చెబుతుంది. కన్జర్వేషన్ ఆర్కిటెక్టులు నా బొమ్మల్లో ముందు చూసేది దీన్నే.

అపోహ: డ్రాయింగ్ ఎలా ఉన్నా రంగులు కవర్ చేస్తాయి

నీటిరంగు పారదర్శకం. కింద పెన్సిల్ గీత తప్పితే పైన ఎంత రంగు పోసినా ఆ తప్పు కనబడుతూనే ఉంటుంది. చార్మినార్‌నే తీసుకోండి. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు, అందులో కమాను వెడల్పు 11 మీటర్లు. అంటే ప్రతి ముఖం వెడల్పులో సగానికి పైగా ఖాళీయే. కొత్తగా గీసేవాళ్లలో చాలామంది కమానును ఇరుకు చేసేస్తారు, కట్టడం కోట గుమ్మంలా బరువెక్కిపోతుంది. దాని తేలికదనమంతా ఆ ఖాళీలోనే ఉంది. పెన్సిల్‌ను చేయి చాచి పట్టుకుని కమాను వెడల్పును కొలతగా తీసుకుని మిగతావన్నీ దాంతో పోల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: ఒక్కసారి రంగు పడితే దిద్దలేం

కొంతవరకే నిజం. అల్ట్రామరీన్ లాంటివి తడి బ్రష్‌తో చాలావరకు లేస్తాయి. థాలో బ్లూ కాగితంలోకి దిగిపోతుంది, లేవదు. ఏది ఎలాంటిదో తెలుసుకుని వాడుకోవాలి, అంతే.

అపోహ: నీటిరంగులు నాలుగేళ్లలో వెలిసిపోతాయి

వెలిసేవి ఉన్నాయి, వెలవనివీ ఉన్నాయి. ట్యూబు మీద ఉండే ఇంగ్లిష్ పేరు చూసి కొనకండి, పిగ్మెంట్ కోడ్ (లోపలున్న రంగుపొడి ఏదో చెప్పే గుర్తు) చూడండి. అల్ట్రామరీన్ పీబీ 29, బర్న్‌ట్ సియెన్నా ఎక్కువగా పీబీఆర్ 7. రెండూ ఎండకు గట్టిగా నిలుస్తాయి. అలిజరిన్ క్రిమ్సన్ పీఆర్ 83 అని ఉంటే మాత్రం వెలుతురుకు పాలిపోతుంది. ఎర్రరాయి కట్టడాన్ని దాంతో వేస్తే మీ మనవళ్ల కాలానికి అది తెల్లరాయి కట్టడమని ఎవరైనా వ్యాసం రాసినా రాస్తారు. కాగితం విషయానికొస్తే నూరు శాతం కాటన్, యాసిడ్ లేనిది, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు). మ్యూజియాలు నీటిరంగు బొమ్మల మీద, వెలుతురు కొలత లెక్కన, సుమారు 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వవు. ఇంట్లో అంత పట్టింపు కుదరదు గానీ, కిటికీకి ఎదురుగా తగిలించకపోతే చాలు.

అపోహ: అక్కడే కూర్చుని పూర్తిచేస్తేనే అసలు బొమ్మ

చూసిన చోటే కూర్చుని బొమ్మలు గీసే అర్బన్ స్కెచర్స్ బృందాల పద్ధతి అది. వాళ్లంటే నాకు గౌరవం. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండలో కూర్చుంటే తెలుస్తుంది, వాష్ (పలుచగా పరిచే రంగునీళ్లు) కాగితం చివరిదాకా చేరకముందే ఆరిపోతుంది. నీళ్లలో రెండు చుక్కలు గ్లిజరిన్ కలిపితే కాస్త నెమ్మదిస్తుంది. వానాకాలంలో దీనికి పూర్తిగా తలకిందులు, గంట గడిచినా ఆరదు, పైగా బూజు. నేను కొలతలు, రంగుల నోట్స్, నీడల దిశ అక్కడే తీసుకుంటాను. నగిషీ పని ఇంట్లో కూర్చుని చేస్తాను. అక్కడ చూడనిది ఇంట్లో కల్పించకూడదు, నా షరతు అదొక్కటే.

అపోహ: భవనం బొమ్మ వేయాలంటే యజమాని అనుమతి కావాలి

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం కట్టడం బొమ్మ వేయడం, దాన్ని ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. ఆవరణలోకి అడుగు పెట్టడం వేరే విషయం, అక్కడ ఎవరి నిబంధనలు వాళ్లవి. రోడ్డు మీద కూర్చుంటే చట్టం సంగతెలా ఉన్నా ‘క్యా బనారే భాయ్’ అని అడిగేవాళ్లకు మాత్రం జవాబు చెప్పాలి. చెబితే చాయ్ కూడా వస్తుంది, ఆ ఇంటి చరిత్ర కూడా వస్తుంది. అందులో సగం కోతలే అయినా రాసుకుంటాను.

అపోహ: మీరు బొమ్మలు వేయడం వల్ల కట్టడాలు బతుకుతున్నాయి

మర్యాదకు అంటారు గానీ నిజం కాదు. కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలనుకున్నప్పుడు జనం కోర్టుకెక్కారు, 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆపినవి వ్యాజ్యాలు, చట్టం. సచివాలయంలో జీ బ్లాక్‌గా వాడిన, 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ 2020 జూలైలో మిగతా బ్లాకులతో పాటు నేలమట్టమైంది. దాని బొమ్మలు, ఫోటోలు చాలానే ఉన్నాయి, అవేవీ అడ్డుపడలేదు. అదే నెలలో వాన నీళ్లు వార్డుల్లోకి రావడంతో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు. బ్రిటిష్ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ నమూనా గీసిన ఆ భవనం గుమ్మటాలను ఇప్పుడు ఎవరు వేసినా, ఎక్కడ పూత రాలిందో, ఎక్కడ చెట్టు మొలిచిందో వదలకుండా వేయమంటాను. రేపు మరమ్మతు మొదలైతే ఇంజినీర్లకు అది పనికొస్తుంది.

అందుకు బొమ్మ ఒక్కటే చాలదు, కాగితం వెనక రాత కూడా కావాలి. తేదీ, టైము, ఏ దిక్కుకు నిలబడి వేశామో, ఏ కొలత నిజంగా తీసుకున్నదో, ఏది కంటి అంచనానో రాయాలి. చెట్టు అడ్డమై కనపడని భాగాన్ని రంగు వేయకుండా పెన్సిల్ గీతలోనే వదిలేసి, ఆ సంగతి కూడా వెనక రాయాలి. ఇదంతా మెత్తటి పెన్సిల్‌తోనే. బాల్‌పెన్ వద్దు, గట్టిగా రాస్తే అచ్చు ముందువైపు లేస్తుంది, దాని సిరా కొన్నేళ్లకు కాగితంలోంచి ఊరి ఆకాశంలో తేలుతుంది.