99 పైసల లెక్క తేల్చాల్సిన వారు ఎందుకు తగ్గిపోయారు

విశాఖలో ఏ కంపెనీకి భూమి ఇచ్చినా వెంటనే లేచే గొడవ ఒకటుంది. 2025 ఏప్రిల్‌లో రుషికొండ దగ్గరి ఐటీ కొండ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు అది తారస్థాయికి చేరింది. అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతానని ప్రకటించాక మళ్లీ మొదలైంది. ఉద్యోగాలు వస్తాయని ఒక వర్గం, ఖజానాకు గండి పడుతుందని మరో వర్గం వాదిస్తాయి. ఇద్దరి దగ్గరా లెక్క ఉండదు. చివరికి మాట వాల్తేరులోని ఆంధ్రా విశ్వవిద్యాలయం మీదికి మళ్లుతుంది: నూరేళ్ల విశ్వవిద్యాలయం ఉంది, అందులో ఆర్థికశాస్త్ర విభాగం ఉంది, ఇన్ని పీహెచ్‌డీలు ఇస్తున్నారు, ఈ ఒక్క సంగతి తేల్చలేరా?

1926లో స్థాపన, బెజవాడ నుంచి వాల్తేరుకు తరలిరావడం, ఉపకులపతులుగా కట్టమంచి, రాధాకృష్ణన్ ఏలుబడి... శతాబ్ది ఉత్సవాల బ్యానర్ల పుణ్యమా అని ఇవన్నీ ఊరంతటికీ తెలిసినవే. వాటిని వదిలేద్దాం. జమీందారీ రద్దయ్యాక ఆంధ్ర పల్లెల్లో ఏం మారిందో అధ్యయనం చేసిన ఆచార్య బి. సర్వేశ్వరరావు పనిచేసింది ఇక్కడే. కేంద్రం నిధులతో నడిచే వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రం, జనాభా పరిశోధన కేంద్రం ఉన్నదీ ఈ ప్రాంగణంలోనే. ఊళ్లు తిరిగి లెక్క తీసే అలవాటు ఈ చోటికి కొత్త కాదు.

ముందు ఆ 99 పైసల లెక్క ఎంత చిక్కైనదో చూడాలి. భూమి మార్కెట్ విలువలోంచి 99 పైసలు తీసేస్తే నష్టం తెలిసిపోతుందనుకోవడం పొరపాటు. కంపెనీ కట్టే కార్పొరేట్ పన్ను కేంద్రానికి వెళ్తుంది. దానిలో రాష్ట్రాలకు వచ్చే వాటాను ఆర్థిక సంఘం సూత్రం పంచుతుంది. పన్ను ఏ ఊళ్లో పుట్టిందన్నది ఆ సూత్రానికి పట్టదు. 15వ ఆర్థిక సంఘం ఆ సూత్రంలో 45 శాతం బరువును తలసరి ఆదాయాల మధ్య అంతరానికి ఇచ్చింది. అంటే రాష్ట్రం సంపన్నమైన కొద్దీ వాటా తగ్గే వైపే మొగ్గు. ఇక జీఎస్టీ వినియోగం జరిగిన చోటికి చేరే పన్ను. విదేశాలకు అమ్మే సాఫ్ట్‌వేర్ సేవలపై అది సున్నా. కాబట్టి భూమి వదులుకున్న రాష్ట్రానికి తిరిగి దక్కేది చాలావరకు ఆ ఉద్యోగుల జీతాలు విశాఖ శివార్లలోని మధురవాడలోనూ పీఎం పాలెంలోనూ ఖర్చయినప్పుడే. అద్దెలు, స్టాంపు డ్యూటీ, కార్పొరేషన్‌కు వచ్చే ఆస్తి పన్ను అన్నీ అందులో చేరాలి. వచ్చిన ఉద్యోగాల్లో ఈ రాయితీ లేకపోయినా వచ్చేవి ఎన్నో వేరు చేయాలి. ప్రాంతీయ, ప్రభుత్వ ఆర్థికశాస్త్రం చేసే పని ఇదే. మూడు నాలుగేళ్లు ఒకే మనిషి దాని మీదే కూర్చోవాలి. కన్సల్టెన్సీ సంస్థలు మూడు నెలల్లో రంగుల నివేదిక ఇస్తాయి, కానీ పని అప్పగించిన వారికి నచ్చని అంకె అందులో కనిపించడం అరుదు.

అలా కూర్చోగల వారు విశ్వవిద్యాలయంలో ఎందుకు తగ్గారన్న ప్రశ్నకు చాలామంది ప్రవేశ పరీక్షను, విద్యార్థుల స్థాయిని, ఫోన్లను కూడా తప్పుపడతారు. నా లెక్కలో అసలు మలుపు 2016 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల్లోని ఒక వాక్యం. ఒక గైడ్ దగ్గర ఎనిమిది మందికి మించి పరిశోధకులు ఉండకూడదన్న పరిమితి 2009లోనే వచ్చింది. ఒకే ఆచార్యుడి పేరు మీద డజన్ల కొద్దీ రిజిస్ట్రేషన్లు ఉండే రోజులవి, అది అవసరమే. 2016లో పరిమితిని హోదా ప్రకారం విడదీశారు: ప్రొఫెసర్‌కు 8, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4. దాంతోపాటు ఆ విశ్వవిద్యాలయంలో పూర్తికాలం పనిచేసే రెగ్యులర్ అధ్యాపకుడే గైడ్‌గా ఉండాలన్నారు. నిబంధనగా చూస్తే తప్పేమీ లేదు. కానీ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో మంజూరైన పోస్టుల్లో పెద్ద భాగం అప్పటికే ఏళ్ల తరబడి ఖాళీ. పాఠాలు చెబుతున్నది కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు. వాళ్లలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లూ మంచి పుస్తకాలు రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ ఒక్క పరిశోధకుడికీ గైడ్ కాలేరు.

ఉదాహరణకు ఒక విభాగంలో ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక అసోసియేట్, ముగ్గురు అసిస్టెంట్లు ఉన్నారనుకుందాం. 16, 6, 12 కలిపి 34 మంది పరిశోధకులకు చోటు. ఒక ప్రొఫెసర్ రిటైరై, అసిస్టెంట్ల స్థానంలో కాంట్రాక్టు వారు వస్తే ఆ 34 కాస్తా 14 అవుతుంది. పదవీ విరమణకు మూడేళ్ల లోపు గడువున్న వారు కొత్త పరిశోధకులను తీసుకోకూడదని 2022 నిబంధనలు చేర్చాయి. మిగిలిన ప్రొఫెసర్ వయసు ఆ గీత దాటితే కొత్త సీట్లకు ఆధారం ఒక్క అసోసియేటే. తరగతులు యథావిధిగా నడుస్తుంటాయి, విభాగం బోర్డూ అలాగే ఉంటుంది. పరిశోధన మాత్రం లోపలి నుంచి ఖాళీ అవుతుంది. 2023లో 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 పోస్టుల భర్తీకి ప్రకటనలు వచ్చాయి, కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి.

అధికారుల మాట వేరు: పాత పద్ధతిలో థీసిస్‌లు ఎలా తయారయ్యేవో అందరికీ తెలుసు, ప్రమాణాల కోసమే ఈ కట్టుబాట్లు. 2018లో గ్రంథచౌర్యంపై ప్రత్యేక నిబంధనలు రావడం వాళ్ల వాదనకు కొంత బలమిస్తుంది.

పరిశోధకుల మాట ఇంకా సూటిగా ఉంటుంది: డబ్బు. జాతీయ పరీక్ష నెట్ ద్వారా దక్కే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రాకపోతే, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి నెట్ లేకున్నా నెలకు 8,000 ఇచ్చే పథకం ఉంది. దాన్ని ఆపబోతున్నారని 2015లో ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఎదుట బైఠాయించారు. ఆ పోరాటం దేశమంతా చూసింది. అయితే ఆ 8,000 రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులకు మొదటి నుంచీ లేదన్న సంగతి ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో జేఆర్‌ఎఫ్ లేని పరిశోధకుడు పొద్దున ఏదో కాలేజీలో పాఠం చెప్పి, సాయంత్రం పోటీ పరీక్షల కోచింగ్‌లో ఎకానమీ బోధించి, మిగిలిన వేళల్లో థీసిస్ రాస్తాడు. ఏజెన్సీలో పాడేరు నుంచి ముంచింగిపుట్టు దాకా ఊరూరా సర్వే చేయించాలంటే ఎవరి జేబులోంచి? అందుకే థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో ఆర్థికశాస్త్ర థీసిస్‌ల శీర్షికలు చూస్తూ పోతే స్వయం సహాయక సంఘాలు అలా వస్తూనే ఉంటాయి. ఆ అంశం మీద నాకేమీ కోపం లేదు. రెండు మండలాలు, మూడు వందల మంది మహిళలు, ఒక ప్రశ్నావళితో అది పూర్తవుతుంది. రాయితీల లెక్క అలా పూర్తి కాదు, పైగా దానికి కావలసిన ఫైళ్లు అడిగితే ఇచ్చేవారు ఉండరు. థీసిస్ ఇచ్చే ముందు పత్రిక వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతు కూడా 2009లోనే వచ్చింది, 2016లోనూ కొనసాగింది. 2022లో దాన్ని తీసేశారు. మధ్యలోని పదమూడేళ్లలో డబ్బు తీసుకుని వ్యాసాలు వేసే పత్రికలు బాగుపడ్డాయి.

ఇంకొక అడ్డంకి గురించి బయట ఎవరూ మాట్లాడరు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ అనకాపల్లికి పోయాయి. ఏజెన్సీలోని 11 మండలాలు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. అంతకుముందు ఉక్కు, రిఫైనరీ, పోర్టుల ఆదాయాన్ని పాడేరు, అరకుల ఆదాయంతో కలిపి సగటు తీసేవారు. ఆ సగటుతో తలసరి ఆదాయంలో విశాఖ రాష్ట్రంలో ముందు వరుసలో ఉండేది. అదే జిల్లా 2014 నాటి రాష్ట్ర విభజన తర్వాత ఏడు వెనుకబడిన జిల్లాల జాబితాలోనూ ఉంది, ఏడాదికి 50 కోట్ల ప్యాకేజీ దాని పేరున వచ్చింది. ఒకే జిల్లా రెండు జాబితాల్లో ఎలా ఉందన్నదే ఒక పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న. దానికి జవాబు మండలాల స్థాయి అంకెల్లో ఉంది. ఇప్పుడు పాత జిల్లా అంకెలను కొత్త సరిహద్దులకు సర్దాలంటే మండలాల వారీగా వెనక్కి నడవాలి, చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. ముంబయి, సూరత్, వారణాసిలతో పాటు విశాఖను ఎంచుకుని నీతి ఆయోగ్ తయారు చేయించిన ఆర్థిక ప్రాంత ప్రణాళిక ఈ పునాది మీదే నిలబడింది. ఆ పునాదిని ప్రశ్నించే థీసిస్ ఒకటి ఇక్కడి నుంచి రావడం ఎవరికీ అంత తొందరగా అవసరం లేదేమో అనిపిస్తుంది.

2024–25 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశాలు ఇవ్వవచ్చని యూజీసీ చెప్పింది. పరీక్ష ఏదైనా గైడ్‌ల సంఖ్య పెరగదు. తదుపరి జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. ఇప్పుడు చేరే పరిశోధకుడికి గడువు ఆరేళ్లు, కాబట్టి కొత్త సరిహద్దుల అంకెలు అతడి కాలంలోనే చేతికి రావచ్చు. ఆరేళ్ల తర్వాత విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు మిగులుతారో విశ్వవిద్యాలయ కార్యాలయంలోని సర్వీసు రిజిస్టర్లు చూస్తే ఈ రోజే చెప్పవచ్చు. వాల్తేరు వైపు వేలు చూపే వారు ముందు ఆ జాబితా బయట పెట్టమని అడగాలి.