చిన్న బోర్డు మీద బేసిక్: నేను తరచూ వినే అపోహలు, వాటికి నా జవాబులు

ఆదివారం పొద్దున మా వర్క్‌షాపుకు ఎనిమిదో తరగతి నుంచి డిప్లొమా దాకా చదివే పిల్లలు వస్తారు. వాళ్ల చేతికి నేను మొదట ఇచ్చేది రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, అంటే సెన్సర్లను చదివి దీపాలు, మోటార్లు నడిపించే చిప్పున్న బోర్డు. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రకాల్లో ఒకటైన ఎంఎంబేసిక్‌ను అందులో ముందే ఎక్కించి ఉంచుతాను. ఈ రెండూ కలిస్తే దాన్ని పికోమైట్ అంటారు. మిగతా వారమంతా అదే బోర్డుతో నీళ్ల ట్యాంకులకు, కోళ్లఫారం ఫ్యాన్లకు చిన్న కంట్రోలర్లు కట్టి ఇవ్వడం నా పని. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న వాళ్ల అన్నయ్యలు, తోటి ఎలక్ట్రీషియన్లు నన్ను అడిగేవి దాదాపు ఒకే రకం మాటలు. తీరిగ్గా నిలబడి చెప్పే వీలు ఎప్పుడూ దొరకదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆదేశాల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాను. బోర్డు దగ్గర మాత్రం వాటిని ఇంగ్లీషులోనే టైపు చేయాలి.

"బేసిక్ ఎప్పుడో పోయింది కదండీ, ఇప్పుడు నేర్పడమేంటి?"

బేసిక్ పుట్టింది 1964 మే 1 తెల్లవారుజామున, అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు దాన్ని తయారుచేశారు. సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటరు ముందు కూర్చుని సొంతంగా పని చేయించుకోగలగాలన్నది వాళ్ల పట్టుదల. ఆ అవసరం ఈ రోజుకీ తీరలేదు.

ఎంఎంబేసిక్ రాసింది ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్ గ్రాహం. 2011లో అక్కడి సిలికాన్ చిప్ పత్రికలో మ్యాక్సిమైట్ అనే బోర్డును ఆయన ప్రచురించారు. కీబోర్డు, మానిటరు తగిలిస్తే చాలు, నేరుగా బేసిక్‌లోకి లేచే కంప్యూటరు అది. ఆ తర్వాత మైక్రోమైట్, కలర్ మ్యాక్సిమైట్ 2 వచ్చాయి. 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరకు పికో వచ్చాక అదే భాష దాని మీదికీ చేరింది. ఆ పనిలో పీటర్ మాథర్ కృషి చాలా ఉంది. ఇన్నేళ్లుగా కొత్త చిప్పు వచ్చినప్పుడల్లా దాని మీదికి మారుతూ, ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటూ వస్తున్న భాష ఇది. దీన్ని పోయిన భాష అని నేను ఒప్పుకోను.

మన దేశంలో 1984లో క్లాస్ అనే ప్రభుత్వ పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలోనూ బేసిక్కే ఉండేది. అప్పట్లో ఒక యంత్రం చుట్టూ పిల్లలంతా మూగి చూడాల్సిందే. ఇప్పుడు కొన్ని వందల రూపాయలతో పిల్లకు ఒకటి చొప్పున ఇవ్వవచ్చు. నాకు ఇది చాలా పెద్ద మార్పుగా కనిపిస్తుంది.

"బేసిక్‌తో మొదలుపెడితే బుర్ర పాడవుతుందట"

ఈ మాట సాఫ్ట్‌వేర్ అన్నయ్యల దగ్గర నుంచి వస్తుంది. దీనికి మూలం పేరుమోసిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. బేసిక్ అలవాటైన విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని 1975లో ఆయన చాలా కటువుగా రాశారు. ఆయన సామాన్యుడు కాదు, ఆ మాటను తీసిపారేయలేం. అయితే ఆయన అన్నది ఏ బేసిక్ గురించో చూడాలి. అప్పట్లో ప్రతి లైనుకూ ఒక అంకె ఉండేది. గోటూ అంటూ ఒక లైను నుంచి ఇంకో లైనుకు గెంతడం తప్ప చాలాచోట్ల వేరే దారి ఉండేది కాదు. ప్రోగ్రాం పెద్దదయ్యేకొద్దీ చిక్కుపడిన దారపుండలా తయారయ్యేది.

ఎంఎంబేసిక్‌లో లైను అంకెలు పెట్టాల్సిన పని లేదు. ప్రోగ్రామును చిన్న చిన్న భాగాలుగా విడదీసే సబ్, ఫంక్షన్, ఇంకా డూ-లూప్, సెలెక్ట్ కేస్, సబ్ లోపలికే పరిమితమయ్యే లోకల్ చరరాశులు (విలువలు దాచుకునే పేర్లు) అన్నీ ఉన్నాయి. నా దగ్గర ఏడాది గడిపిన పిల్లలు గోటూ అన్న పదం వినకుండానే పైథాన్, సి లాంటి వేరే భాషలకు వెళ్లిపోయారు.

అసలు జాగ్రత్త పడాల్సిన లోపం వేరే ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. ముందుగా చెప్పకుండానే చరరాశిని వాడేయనిస్తుంది బేసిక్. కొత్త పేరు కనబడితే దాని విలువ సున్నా అనుకుని ముందుకు పోతుంది. ఒక కుర్రాడు బకెట్టు, చిన్న పంపుతో నీటి మట్టం ప్రోగ్రాం రాశాడు. బకెట్టులో నీరు ఇరవై అయిదు సెంటీమీటర్లు దాటితే పంపు ఆగాలి. పంపు ఆగలేదు, నీళ్లు బల్ల మీద నుంచి కిందికి పారాయి. అరగంట సేపు వైర్లన్నీ పీకి చూశాం. తప్పు వైర్లలో లేదు. 'నీరు' అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తూ ఒకచోట రెండు 'ఈ'లు పెట్టాడు, ఇంకోచోట ఒక్క 'ఐ' పెట్టాడు. మనకు చదివితే రెండూ నీరే. బోర్డుకు మాత్రం అవి రెండు వేర్వేరు చరరాశులు, రెండోదాని విలువ ఎప్పుడూ సున్నా. సున్నా ఇరవై అయిదును దాటేదెప్పుడు, పంపు ఆగేదెప్పుడు?

తెలుగు పదాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే మనకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. విరుగుడు ఒక్క లైనే: ప్రోగ్రాం మొదట్లో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ అని రాయండి. ఇక డిమ్ అనే ఆదేశంతో ముందుగా చెప్పని పేరు ఎక్కడ వచ్చినా ప్రోగ్రాం అక్కడే ఆగి, తప్పు ఫలానా లైనులో ఉందని చెబుతుంది. ఆ బకెట్టు రోజు నుంచి మా దగ్గర ఎవరు ప్రోగ్రాం మొదలుపెట్టినా మొదటి లైను అదే.

"ఇంగ్లీషు బాగా వస్తేనే ప్రోగ్రామింగ్"

తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రులు దిగులుగా అడిగే మాట ఇది. నాకు దీని మీదే ఎక్కువ పట్టింపు.

మొదటి నెలంతా మేం వాడేవి పదిహేను మాటలు కూడా ఉండవు. ప్రింట్, ఇఫ్, దెన్, ఎల్స్, ఫర్, నెక్స్ట్, డూ, లూప్, పాజ్, సెట్‌పిన్, పిన్, సబ్, ఇంచుమించు అంతే. పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా బోర్డుకు ఒకటే. లైను చివర సెమికోలన్ మర్చిపోయినందుకు పుట్టే తప్పులుండవు. పేర్లు పిల్లల ఇష్టం. వాళ్ల ప్రోగ్రాముల్లో తొట్టి, మోటారు, వేడి, గంట అన్నవే చరరాశులు. అమ్మమ్మ పేరు పెట్టిన పాప కూడా ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, బోర్డు వెంటనే బదులు చెప్పడం. దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, టెరా టెర్మ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాం (బోర్డుతో మాట్లాడే కిటికీ) తెరిస్తే టైపు చేయమని ఒక గుర్తు కనిపిస్తుంది. అక్కడ సెట్‌పిన్ అని రాసి, బోర్డు మీది దీపానికి కలిపి ఉన్న జీపీ25 పిన్నును అవుట్‌పుట్‌గా పెట్టి, దానికి ఒకటి ఇస్తే బోర్డు మీది దీపం వెలుగుతుంది. సున్నా ఇస్తే ఆరిపోతుంది. కంపైల్ చేయడం (రాసినదంతా ముందే చిప్పు భాషలోకి మార్చడం), అప్‌లోడ్ చేయడం, ఆ గీత నిండేదాకా ఎదురుచూడటం ఏవీ ఉండవు. ఎఫ్4 నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది, ఎఫ్2 నొక్కితే రాసింది భద్రమై వెంటనే నడుస్తుంది. ఎడిటర్ కూడా బోర్డులోనే ఉంది. పాజ్ 300 అంటే 300 మిల్లీసెకన్లు ఆగమని. దీపం ఆరి వెలిగే ప్రోగ్రాంలో "పాజ్ 300 బదులు 30 పెడితే ఏమవుతుంది సార్?" అని అడిగిన పాపకు నేను జవాబు చెప్పను. "పెట్టి చూడమ్మా" అంటాను. రెండు సెకన్లలో తనే చూసేస్తుంది.

(జీపీ25 మాట మామూలు పికోకే. వైఫై ఉన్న పికో డబ్ల్యూలో ఆ దీపం వైఫై చిప్పుకు కలిపి ఉంటుంది కాబట్టి ఈ పాఠం పనిచేయదు. బోర్డు కొనేముందు చూసుకోండి.)

ఒక కొరత మాత్రం నిజం. బోర్డుకు తగిలించే తెర మీద తెలుగు రాదు. అందులోని ఫాంట్లు ఇంగ్లీషువే. సొంతంగా బొమ్మ గీసినట్టు అక్షరాలు చేసి పెట్టుకోవచ్చు కానీ ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చడం చాలా పని. "నీళ్లు నిండాయి", "మోటారు ఆగింది" లాంటి పది పదాలను బొమ్మలుగా చేసుకుని నెట్టుకొస్తున్నాను.

"ఇంటర్‌ప్రెటర్ కాబట్టి నత్తనడక"

ఎంఎంబేసిక్ ప్రతి లైనునూ నడిపేటప్పుడే చదివి అర్థం చేసుకుంటుంది, అలాంటిదాన్నే ఇంటర్‌ప్రెటర్ అంటారు. సి లో రాసి కంపైల్ చేసినదానితో పోలిస్తే నెమ్మదే. అది అపోహ కాదు. ఆ నెమ్మదితనం మన పనికి అడ్డు వస్తుందన్నది అపోహ. పైగా ఇది భాషకు పుట్టుకతో వచ్చిన జబ్బూ కాదు. డార్ట్‌మత్‌లో పుట్టిన ఆ మొట్టమొదటి బేసిక్, ప్రోగ్రామును కంపైల్ చేసే నడిపేది.

డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరునే తీసుకోండి. పూర్తి కచ్చితత్వంతో ఒక్కసారి వేడి కొలవడానికి దానికే 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంతసేపూ బోర్డు ఖాళీగా ఎదురుచూస్తుంది, మీరు ఏ భాషలో రాసినా సరే. కోళ్లఫారంలో వేడి ఒక డిగ్రీ మారడానికి నిమిషాలు పడుతుంది. అక్కడ బేసిక్ వేగం గురించి బెంగ పెట్టుకోవడం అనవసరం.

వేగం నిజంగా కావలసిన చోట్లూ ఉన్నాయి. నీటి మట్టానికి వాడే అల్ట్రాసోనిక్ సెన్సరులో శబ్దం ఒక సెంటీమీటరు దూరం వెళ్లి తిరిగి రావడానికి దాదాపు 58 మైక్రోసెకన్లు పడుతుంది. దాన్ని బేసిక్ లూపుతో నేనే కొలవబోతే అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. డిస్టెన్స్ అనే ఫంక్షన్ ముందే ఉందని తర్వాత తెలిసింది. కొలత ఫర్మ్‌వేర్ (బోర్డులో ముందే ఎక్కించిన ఎంఎంబేసిక్) లోపల జరిగిపోతుంది, మనకు సెంటీమీటర్లు చేతికొస్తాయి. పిన్నును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ దీపం వెలుగునో ఫ్యాను వేగాన్నో మార్చే పీడబ్ల్యూఎం కూడా అంతే, ఒకసారి ఆదేశమిస్తే చిప్పులోని సర్క్యూటు తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి లూపు రాసేముందు ఆ పనికి ఆదేశం ఉందేమో మాన్యువల్లో వెతకండి.

శబ్దాన్ని రికార్డు చేసి విశ్లేషించడానికి, కెమెరా చిత్రాలతో పని చేయడానికి ఇది పనికిరాదు. పికోలోని ఆర్‌పీ2040 చిప్పుకు దశాంశ లెక్కలు చేసే హార్డ్‌వేర్ లేదు, వాటిని సాఫ్ట్‌వేరే లాక్కొస్తుంది. దశాంశాలు అక్కర్లేని చోట పేరు చివర శాతం గుర్తు పెట్టి పూర్ణాంక చరరాశులు వాడండి. 2024లో వచ్చిన పికో 2 ఈ విషయంలో చాలా మెరుగు.

"ఇది కంప్యూటరే కాదు"

లైనక్స్ నడపదు, బ్రౌజరు తెరవదు. అవి కావాలంటే పెద్ద రాస్ప్‌బెర్రీ పై కొనాలి. పికోలో ఉన్నది 264 కిలోబైట్ల ర్యామ్, 2 మెగాబైట్ల ఫ్లాష్ (కరెంటు పోయినా నిలిచే నిల్వ). కానీ మానిటరుకు బొమ్మ పంపే వీజీఏ రకం ఫర్మ్‌వేర్ ఎక్కించి, కొన్ని రెసిస్టర్లు, పాత మానిటరు, కీబోర్డు కలిపితే వేరే కంప్యూటరు సాయం లేకుండానే ప్రోగ్రాం రాసి నడపవచ్చు. చిప్పులో ఉన్న రెండు కోర్లలో ఒకటి బొమ్మను తెర మీదికి పంపే పనిలోనే ఉంటుంది. మూలన పడేసిన మానిటరు మీద తను గీసిన గీతలు చూసుకునే పిల్లకు అది కంప్యూటరే.

"కరెంటు పోతే రాసిందంతా పోతుంది"

పోదు. ఎడిటర్ నుంచి సేవ్ చేసినది ఫ్లాష్‌లో ఉంటుంది. ఆప్షన్ ఆటోరన్ ఆన్ అని ఒక్కసారి ఇస్తే కరెంటు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాం దానంతట అదే మొదలవుతుంది. వాచ్‌డాగ్ కూడా పెడితే, ఎక్కడైనా ఇరుక్కుపోయినా బోర్డు తనే రీసెట్ అయి మళ్లీ నడుస్తుంది.

కరెంటు పోతే పోయేవి రెండు. ఒకటి చరరాశుల విలువలు. ముఖ్యమైనవాటిని వార్ సేవ్‌తో దాచి, వార్ రిస్టోర్‌తో తిరిగి తెచ్చుకోవాలి. అయితే లూపులో ప్రతిసారీ దాచకండి, ఫ్లాష్‌కు రాతల లెక్కలో ఆయుష్షు ఉంటుంది. రెండోది గడియారం. పికోకు బ్యాటరీ గడియారం లేదు. నేను కట్టిన ఒక తోట కంట్రోలర్ పొద్దున అయిదుకు నీళ్లు వదలాలి. రాత్రి కరెంటు పోయి వచ్చాక దాని టైము మొదటికొచ్చింది, నీళ్లు మిట్టమధ్యాహ్నం వదిలింది. మొక్కలకు, ఆ రైతుకు నేను చేసిన నష్టం అది. అప్పటి నుంచి డీఎస్3231 గడియారం మాడ్యూల్ లేకుండా టైముతో పనిచేసేది ఏదీ బయటికి ఇవ్వడం లేదు. దాన్ని కలిపి ఆర్‌టీసీ గెట్‌టైమ్ అంటే సరైన సమయం వచ్చేస్తుంది.

"చౌక బోర్డు కదా, ఏది తగిలించినా ఫర్వాలేదు"

నా దగ్గరికి కాలిపోయి వచ్చే బోర్డుల్లో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్లే. పికో పిన్నులు 3.3 వోల్టులవి. ఆ అల్ట్రాసోనిక్ సెన్సరు అయిదు వోల్టులది, శబ్దం తిరిగొచ్చిందని బోర్డుకు చెప్పే దాని ఎకో పిన్ను అయిదు వోల్టులే పంపుతుంది. మధ్యలో ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీని పంచితే 3.3 దగ్గరికి దిగుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ పని మానేసి బోర్డు పోగొట్టుకుంటున్నారు.

చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్చు రిలే. అయిదు వోల్టుల చిన్న నీలం రిలే కాయిల్ సుమారు 70 మిల్లీఆంపులు లాగుతుంది. పిన్ను ఇవ్వగలిగింది కొద్ది మిల్లీఆంపులే. కాబట్టి ట్రాన్సిస్టరు ఉండాలి, కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉండాలి. బోరు మోటారుకైతే ఆ రిలే కూడా చాలదు, అది స్టార్టరులోని కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చును మాత్రమే నడపాలి. ఆ 230, 415 వోల్టుల వైపు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. పిల్లల్ని అటు నేను చేయి పెట్టనివ్వను.

"బోర్డు చచ్చిపోయింది సార్"

ఫోనుతో వచ్చిన కేబుల్ వాడుతున్నారా? వాటిలో కొన్ని ఛార్జింగుకే పనికొస్తాయి, డేటా వైర్లు ఉండవు. ముందు కేబుల్ మార్చండి.

అయినా పలకకపోతే బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెట్టండి. కంప్యూటరులో పెన్‌డ్రైవ్ లాగా ఒక డ్రైవ్ కనబడుతుంది. ఎంఎంబేసిక్ ఫైలును అందులో వేస్తే బోర్డు మళ్లీ లేస్తుంది. ఈ బూట్ ప్రోగ్రాం చిప్పు తయారైనప్పుడే అందులో ముద్రపడి ఉంటుంది, మనం ఎంత తప్పు ప్రోగ్రాం రాసినా దాన్ని చెరపలేం. పిల్లలకు మొదటి రోజే ఈ సంగతి చెప్పేస్తాను, ఇక భయం లేకుండా టైపు చేస్తారు.

ఆ డ్రైవ్ కూడా కనిపించకపోతే మీటరు తీసుకుని 36వ పిన్ను మీద 3.3 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోయినా, చిప్పు వేలు పెట్టలేనంత వేడెక్కుతున్నా యూఎస్‌బీ తీసేయండి. కొత్త బోర్డు పెట్టేముందు పాతదానికి ఏ వైరు నుంచి అయిదు వోల్టులు తగిలాయో వెతకండి.