ఈసీఎం సాఫ్ట్‌వేర్‌కు ప్రపోజల్: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్‌లో పోగయ్యే కాటా చీటీలు, రైతు బిల్లులు, బ్యాచ్ షీట్లు, ల్యాబ్ రిపోర్టులను మిగతా ఏడాదంతా వెతుక్కుంటూనే ఉండాలి. వీటికోసం ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్ (ఈసీఎం), అంటే సంస్థ పత్రాలన్నీ కంప్యూటర్‌లో భద్రపరిచి అడిగిన వెంటనే వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ కావాలని యాజమాన్యానికి రాసేవాళ్లు ముందు ఈ అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: కాగితం, జిరాక్స్ ఖర్చు మిగులుతుందని చూపిస్తే చాలు.

వాస్తవం: అది చిల్లర మిగులు. డబ్బంతా వెతుకులాటలో పోతోంది. ఫైల్ రూమ్ తలుపు దగ్గర రెండు వారాలు రిజిస్టర్ పెట్టండి: ఎవరు అడిగారు, ఏ కాగితం, ఎన్ని నిమిషాలు, దొరికిందా లేదా. రోజుకు 30 సార్లు, సారికి 12 నిమిషాలు అని తేలితే 6 గంటలు. 300 పనిదినాలకు 1,800 గంటలు. దాన్ని జీతంతో గుణించి మొత్తం లాభమని రాయకండి. గుమస్తా జీతం ఎలాగూ ఇవ్వాలి కదా అని ఓనరు అడుగుతారు, అడగాలి కూడా. ఓవర్‌టైమ్ ఎంత తగ్గుతుంది, సీజన్‌కు పెట్టుకునే మనుషులు ఎందరు తగ్గుతారు, అంతే రాయండి.

ఎగుమతి చేసేవాళ్లకు ఇంతకన్నా బలమైన కారణం ఉంది. బీఆర్‌సీజీఎస్ అనే అంతర్జాతీయ ఆహార భద్రతా ప్రమాణం ప్రకారం సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి వెళ్లిందో పూర్తి జాడ 4 గంటల్లో తీయగలగాలి. ఒక డ్రమ్ము నంబరు తీసుకుని, గడియారం చూసుకుంటూ పండ్ల లాటు దాకా వెనక్కి వెళ్లి చూడండి. తరచుగా దారం తెగేది కాటా చీటీకీ బ్యాచ్ షీటుకీ మధ్య. చీటీ మీద బండి నంబరు, షీటు మీద లాటు నంబరు. రెంటినీ కలిపే గడి ఫారంలో లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ కలపలేదు. ముందు ఫారం మార్చండి.

అపోహ: లైసెన్సు ధరే ఖర్చు.

వాస్తవం: పాత కాగితాలకు ఇండెక్స్ కొట్టడమే (వెతికితే దొరికేలా ఒక్కోదానికీ తేదీ, నంబరు లాంటి వివరాలు ఎక్కించడం) డబ్బు మింగేస్తుంది. లక్ష పత్రాలకు ఒక్కోదానికి 30 సెకన్లయినా 833 గంటలు, అంటే ఒక మనిషికి 104 రోజుల పని. చేతిరాత తెలుగు చీటీల విషయంలో ఓసీఆర్‌ను (స్కాన్‌లోని అక్షరాలను కంప్యూటరే చదివే పద్ధతి) నమ్ముకుని లెక్క వేయకండి. ఒక తేదీ నుంచి కొత్తవి ఎక్కించండి, పాతవి ఎవరైనా అడిగినప్పుడు స్కాన్ చేయండి.

అపోహ: స్కాన్ అయ్యాక అసలు కాగితాలు చించేయొచ్చు.

వాస్తవం: ప్రోనోట్లు, రిజిస్టర్ దస్తావేజులు బీరువాలోనే ఉండాలి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, కంపెనీ లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. కంప్యూటర్‌లోని పత్రాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే, ఫైలు నుంచి లెక్కగట్టిన కోడ్) రాయాలి. డెమో రోజునే ఒక ఫైలుకు హ్యాష్ తీసి చూపించమనండి.