రాస్ పట్టుకునేది రాఫ్‌నే అని ఎలా తేలింది?

కణానికి బయటి నుంచి పెరగమనే సంకేతం అందితే, అది కేంద్రకం దాకా చేరడానికి మధ్యలో ఎన్నో ప్రోటీన్లు ఒకదాన్నొకటి తాకాలి. ఆ వరుసలో రాస్ చాలా ముఖ్యమైనది. దాని జన్యువులో ఒక్క అక్షరం మారినా క్యాన్సర్‌కు దారితీయవచ్చని 1982లోనే బయటపడింది. కానీ మన కణాల్లో రాస్ ఆ కబురును నేరుగా ఎవరి చేతికిస్తుందో 1993 దాకా తేలలేదు.

జవాబు ఇచ్చిన పద్ధతుల్లో ఒకటి ఈస్ట్‌లో చేసేది. ఈస్ట్‌లో జన్యువును ఆన్ చేసే గాల్4 ప్రోటీన్‌కు రెండు భాగాలుంటాయి. ఒకటి డీఎన్ఏను పట్టుకుంటుంది, రెండోది జన్యువును పనిలోకి దించుతుంది. ఈ రెండూ ఒకే అణువుగా ఉండక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలు. 1989లో స్టాన్లీ ఫీల్డ్స్, ఓక్-క్యు సాంగ్ దీన్నే వాడుకున్నారు. రెండు భాగాలనూ విడదీసి, చెరొకదానికీ ఒక్కో ప్రోటీన్‌ను అతికించారు. ఆ ప్రోటీన్లు కలిస్తే జన్యువు ఆన్ అయి ఈస్ట్ నీలంగా మారుతుంది. రెండో ప్రోటీన్ ఏదో ముందే తెలియాల్సిన పనీ లేదు. లక్షల జన్యు ముక్కల్ని కలిపి పరీక్షించి, నీలంగా మారినవాటిని ఏరుకోవచ్చు. 1993లో రాస్‌కు జోడీగా రాఫ్ అనే ప్రోటీన్ ఇలాగే దొరికింది.

అయితే ఈ కలయిక జరిగేది ఈస్ట్ కేంద్రకంలో. రాస్ అసలు చోటేమో కణపొర లోపలి అంచు. అందుకే ఈస్ట్ చెప్పిన ‘అవును’ను నేనైతే సగం జవాబుగానే తీసుకుంటాను. అదే ఏడాది మరో బృందం సన్నటి పూసలకు రాస్‌ను అంటించి మెదడు కణాల రసంలో కలిపింది. ఆన్‌లో ఉన్న, అంటే కబురు పంపే స్థితిలో ఉన్న రాస్‌కే రాఫ్ అంటుకుంది, ఆఫ్‌లో ఉన్నదానికి కాదు. నా లెక్కలో అసలు సాక్ష్యం ఇదే.

ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కువగా చేసే కో-ఐపీ (కో-ఇమ్యునోప్రెసిపిటేషన్) పద్ధతిలోనూ పూసలే, కాకపోతే వాటికి ఒక ఫలానా ప్రోటీన్‌నే పట్టుకునే యాంటీబాడీ ఉంటుంది. కణాల్ని పగలగొట్టి, యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ను లాగి, దాంతోపాటు ఏం వచ్చిందో వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో చూస్తారు. చిక్కేమిటంటే, కణం పగిలాక ఎప్పుడూ ఎదురుపడని ప్రోటీన్లు కూడా కలుస్తాయి. కడిగేటప్పుడు బలహీనమైన జంటలు విడిపోతాయి. సంబంధం లేని యాంటీబాడీతో కంట్రోల్ (పోల్చి చూసే పరీక్ష) చేయకపోతే ఆ బ్లాట్‌ను నమ్మలేం.

బతికున్న కణంలోనే చూడాలంటే ఫ్రెట్ (FRET) అనే పద్ధతి ఉంది. రెండు ప్రోటీన్లకు రెండు రంగుల్లో వెలిగే గుర్తులు తగిలిస్తారు. అవి సుమారు 10 నానోమీటర్ల లోపుకు వస్తేనే మొదటిదాని శక్తి రెండోదానికి చేరుతుంది. 2018లో వచ్చిన టర్బోఐడీ అనే ఎంజైమ్ ఇంకో దారి పట్టింది. దాన్ని మనం చూడాలనుకున్న ప్రోటీన్‌కు అతికిస్తారు. అది 10 నిమిషాల్లో చుట్టుపక్కల ప్రోటీన్లకు బయోటిన్ అనే చిన్న అణువును గుర్తుగా వేస్తుంది. అందులో ఊరికే పక్కనున్నవీ ఉంటాయి కాబట్టి, ఆ జాబితాలోని పేర్లను మళ్లీ కో-ఐపీలో ఒక్కొక్కటిగా తేల్చుకోవాల్సిందే.