రెండు వేళ్లు చాలవు

ఏడాదిలోపు బిడ్డ కదలక, ఊపిరి తీసుకోక పడి ఉంటే ఛాతీ నొక్కాలి. దేనితో నొక్కాలన్న దగ్గరే ఇన్నాళ్లూ చిక్కు. కాపాడేవారు ఇద్దరుంటే రెండు బొటనవేళ్లతో, ఒక్కరే ఉంటే రెండు వేళ్ల కొసలతో అని దశాబ్దాలుగా నేర్పుతూ వచ్చారు.

అందుకు కారణం లేకపోలేదు. ఒక్కరే ఉంటే 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊపిరి ఊదాలి. బొటనవేళ్ల పద్ధతిలో రెండు అరచేతులూ బిడ్డ ఛాతీని చుట్టి ఉంటాయి. ఊదడానికి వాటిని తీసి మళ్లీ పెట్టేసరికి సెకన్లు పోతాయని భయం. నొక్కడం ఆగిన వెంటనే గుండె కండరానికి రక్తం అందించే ఒత్తిడి పడిపోతుంది. తిరిగి పెరగాలంటే ఇంకొన్నిసార్లు నొక్కాలి. కాబట్టి అది ఉత్త భయం కాదు.

అయితే నొక్కే లోతు మాటేమిటి? ఛాతీ మందంలో కనీసం మూడో వంతు, అంటే సుమారు 4 సెంటీమీటర్లు దిగాలి, అదీ నిమిషానికి 100 నుంచి 120 సార్లు. శిక్షణ బొమ్మ మీద రెండు వేళ్లతో చేసి చూస్తే తెలుస్తుంది, కాసేపటికే వేళ్లు లాగేస్తాయి, లోతు తగ్గిపోతుంది. బొమ్మల మీద జరిగిన పరీక్షల్లో బొటనవేళ్లు మరింత లోతుగా నొక్కాయి. చేతులు మార్చడంలో పోయిన సమయం మాత్రం భయపడినంత లేదు. నిజం బిడ్డల మీద ఇలాంటి పోలిక పెట్టడం కష్టం కాబట్టి ఈ ఆధారాలకు ఓ హద్దుంది. అయినా ఒంటరిగా ఉన్నవారికీ బొటనవేళ్లే మేలని యూరప్ మార్గదర్శకాలు 2021లోనే అన్నాయి. 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రెండు వేళ్ల పద్ధతిని పూర్తిగా తీసేసింది. నా లెక్కన ఆలస్యంగా జరిగిన మంచి పని.

బిడ్డను గట్టి చోట వెల్లకిలా పడుకోబెట్టి, చనుమొనల గీతకు కాస్త కింద, ఎదురొమ్ము ఎముక మీద బొటనవేళ్లు ఆనించాలి. మిగతా వేళ్లు వీపును పట్టుకోవాలి. చేతులు చుట్టూ అందకపోతే ఒక అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో నొక్కవచ్చు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, హడావుడిలో ఎక్కువమంది మరిచేది ఇదే.

పసిపిల్లల గుండె ఆగడానికి మూలం చాలాసార్లు గుండె కాదు, ఊపిరే. అందుకే ఊదడం మానకూడదు. బిడ్డ నోరూ ముక్కూ కలిపి మూసేలా నోరు పెట్టి, ఛాతీ లేచేంత మాత్రమే ఊదాలి. ఫోన్ దగ్గరుంటే 108కి కలిపి స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. లేకపోతే ముందు 2 నిమిషాలు సీపీఆర్ (ఈ నొక్కడం, ఊదడం) చేసి, ఆ తర్వాత ఫోన్ కోసం వెళ్లండి. చిన్న బిడ్డే కాబట్టి ఎత్తుకునే వెళ్లొచ్చు.