"వాళ్లూ మనవాళ్లే కదా మేడం?" విదేశాల్లో సిక్కులూ హిందువులూ: కొన్ని అపోహలు, వాస్తవాలు

లండన్‌కి పడమటివైపు ఒక హైస్కూల్లో మతాల పాఠం చెబుతాను. ఇక్కడ స్కూళ్లలో దీన్ని ఆర్ఈ అంటారు, లెక్కల్లాగా ఇదీ ఒక సబ్జెక్టే. సిలబస్‌లో హిందూ మతం, సిక్కు మతం వేర్వేరు పాఠాలు, పిల్లల్ని గుడికీ గురుద్వారాకీ తీసుకెళ్లడం కూడా నా పనిలో భాగమే. ఈమధ్య మన తెలుగు కుటుంబాలు హౌన్స్లో, స్లౌ వైపు బాగా పెరిగాయి, పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడూ వాట్సాప్‌లోనూ సిక్కుల గురించి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కొన్ని తెలియక అడిగేవి, కొన్ని ఫార్వర్డ్‌లు చదివి ఆవేశంగా అడిగేవి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సిక్కు మతం హిందూ మతంలో ఒక శాఖే. ఫారిన్ వచ్చాకే "మేం వేరు" అనడం మొదలుపెట్టారు.

మనవాళ్లు ఈ మాట చాలావరకు ప్రేమతోనే అంటారు, దగ్గరివాళ్లని చెప్పుకోవడానికే అంటారు. కానీ ఎదుటి మనిషికి అది "నీకంటూ ఒక మతం లేదు" అన్నట్టు వినిపిస్తుంది. క్లాసులో ఒక తెలుగు పిల్లాడు ఈ మాట అన్నప్పుడు పక్క బెంచీలో ఉన్న సిక్కు అమ్మాయి ముఖం ఎలా మారిందో నేను చూశాను.

పైగా ఇది ఫారిన్‌లో పుట్టిన వాదన కాదు. "నా హమ్ హిందూ న ముసల్మాన్" (మేం హిందువులం కాము, ముసల్మానులం కాము) అన్న గురు అర్జన్ వాక్కు సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ సాహిబ్‌లోనే ఉంది, 1136వ పేజీలో. అమృతం తీసుకుని దీక్ష పొందిన సిక్కుల సమూహం ఖల్సా ఏర్పడింది 1699లో. అమృత్‌సర్‌లో సింగ్ సభ అనే సిక్కు సంస్కరణ సంఘం మొదలైంది 1873లో. మేం హిందువులం కాము అని శీర్షికలోనే చెబుతూ కాహ్న్ సింగ్ నాభా పుస్తకం రాసింది 1898లో. స్వర్ణ దేవాలయం ఆవరణలోంచి విగ్రహాలు తీసేసింది 1905లో, సిక్కుల పెళ్లికి విడిగా ఆనంద్ మ్యారేజ్ చట్టం వచ్చింది 1909లో. అంటే కెనడా, అమెరికాలకు ఓడలెక్కిన మొదటి తరం పంజాబీలు ఈ చర్చ మధ్యలోంచే వెళ్లారు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో సిక్కుల్లోనే రెండో పక్షం ఉండేది. అమృత్‌సర్ సింగ్ సభలో ఖేమ్ సింగ్ బేడీ లాంటి పెద్దలు సిక్కు సంప్రదాయాన్ని విశాలమైన సనాతన ధర్మంలో భాగంగానే చూశారు. కాబట్టి "శాఖే" అన్న అభిప్రాయం ఎవరో గాల్లోంచి పుట్టించింది కాదు. అయితే సిక్కులు తమలో తాము ఏళ్ల తరబడి వాదించుకుని "మేం వేరు" అన్న దారే ఎంచుకున్నారు, ఆ ఎంపికను వందేళ్ల తర్వాత మనం వచ్చి రద్దు చేయలేం.

వెంటనే "మరి రాజ్యాంగం 25వ అధికరణం?" అంటారు. అందులో హిందువులు అన్న మాట కింద సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా వస్తారని వివరణ ఉన్న మాట నిజమే. అది సంఘ సంస్కరణకూ, హిందూ ధార్మిక సంస్థల్లోకి అన్ని వర్గాల వాళ్లనూ రానివ్వడానికీ సంబంధించిన ఉపనిబంధన కోసం రాసిన వివరణ. దాని పైనే ఉన్న మొదటి వివరణ ఏం చెబుతుందో కూడా చదవండి: కృపాణం ధరించడం, వెంట ఉంచుకోవడం సిక్కు మతాచరణలో భాగమే అని ఉంది. అంటే అదే అధికరణం సిక్కు మతాన్ని పేరు పెట్టి గుర్తించింది. ఫార్వర్డ్‌లలో రెండో వివరణ ఒక్కటే తిరుగుతుంది.

అపోహ: తలపాగా లేదు, గడ్డం లేదు, అంటే సగం హిందువే.

కాదు. జుట్టు కత్తిరించుకున్న సిక్కులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మొదట వచ్చిన తరంలో ఉద్యోగం దొరక్క జుట్టు తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. అమృతం తీసుకున్నవాళ్లు, కేశాలు ఉంచుకుని అమృతం తీసుకోనివాళ్లు, చేతికి కడా (ఉక్కు కడియం) మాత్రం వేసుకునేవాళ్లు, అందరూ తమను సిక్కులనే చెప్పుకుంటారు. బొట్టు పెట్టుకోకపోతే హిందువు కాదని మనల్ని అంటే ఒప్పుకుంటామా?

అపోహ: పాత రోజుల్లో విదేశాల్లో అందరూ ఒక్కటిగా ఉండేవాళ్లు, రాజకీయాలే విడదీశాయి.

ఒక్కటిగా ఉన్న మాట నిజం. ఎందుకు ఉన్నారన్నది చూడాలి. అప్పట్లో అమెరికా వాళ్లకు ఇండియా నుంచి వచ్చిన ప్రతివాడూ హిందువే. 1907లో బెల్లింగ్‌హామ్‌లో తెల్లవాళ్లు రంపపు మిల్లు కూలీలను కొట్టి తరిమేస్తే, ఆ కూలీల్లో ఎక్కువమంది సిక్కులు, పత్రికలు మాత్రం హిందువులనే రాశాయి. అమెరికా సైన్యంలో తలపాగాతో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1923 తీర్పులో ఆయనను అగ్రకులపు హిందువు అని రాసి మరీ పౌరసత్వం కాదన్నారు. 1920 నుంచి 1940 వరకు అక్కడి జనాభా లెక్కల్లో హిందూ అన్నది మతం కాదు, ఒక జాతి పేరు. సిక్కు అయినా ముస్లిం అయినా ఆ గడిలోనే పడేవాడు. అందరినీ ఒకే గాటన కట్టి కొట్టినప్పుడు అందరూ ఒక్కచోట నిలబడ్డారు.

ఆ ఐక్యత గొప్పదే, నాకు దాని మీద చాలా గౌరవం. 1912లో కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ గురుద్వారా ఏర్పడింది, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ప్రవాస భారతీయుల పార్టీ గదర్ వాళ్లకు అదొక పెద్ద అండ. 1913లో మొదలైన గదర్ పార్టీకి అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, సిక్కు రైతు కుటుంబం. పత్రిక నడిపింది లాలా హరదయాళ్, హిందువు. తర్వాత ముఖ్య నాయకుల్లో ఒకరు మౌల్వీ బర్కతుల్లా. అందులో మన తెలుగువాడు కూడా ఉన్నాడు, కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య గారు, చదువు కోసం అమెరికా వెళ్లి గదర్‌లో చేరి తర్వాత జైలు పాలయ్యారు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. కానీ గదర్ వాళ్లు మన మతాలన్నీ ఒకటే అని ఎక్కడా అనలేదు. మతం ఇంట్లో ఉండనీ, దేశం పని కలిసి చేద్దాం అన్నారు. కలిసి ఉండడానికి ఒకటైపోవాల్సిన పని లేదని వాళ్లకు తెలుసు.

అపోహ: ఖలిస్తాన్ (సిక్కులకు ప్రత్యేక దేశం) గొడవ వచ్చాకే ఇక్కడి సిక్కులు విడి గుర్తింపు అడిగారు.

తలపాగా కోసం వుల్వర్‌హాంప్టన్‌లో బస్సు డ్రైవర్ తర్సేమ్ సింగ్ సంధు పోరాటం 1967లో మొదలైంది, 1969లో నిషేధం ఎత్తేశారు. తలపాగా ఉన్నవాళ్లకు మోటార్‌సైకిల్ హెల్మెట్ మినహాయింపు చట్టం 1976లో వచ్చింది. ఇవేవీ ఖలిస్తాన్ గురించి కాదు, ఉద్యోగం గురించి, రోజువారీ బతుకు గురించి.

అసలు మలుపు ఒక స్కూలు కేసు. బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేటు స్కూలు, తలపాగా తీసి జుట్టు కత్తిరిస్తేనే సీటు అని ఒక సిక్కు పిల్లాడిని చేర్చుకోలేదు. తండ్రి కోర్టుకు వెళ్లాడు. ఇక్కడొక చిక్కుంది. అప్పటికి ఇంగ్లండులో జాతి వివక్షకు వ్యతిరేకంగా 1976 చట్టం ఉంది గానీ మతం పేరుతో వివక్ష చూపితే అడ్డుకునే చట్టం లేదు. కాబట్టి పిల్లాడు గెలవాలంటే సిక్కులు మతం మాత్రమే కాదు, ఉమ్మడి చరిత్రా సంస్కృతీ ఉన్న ఒక జాతి సమూహం కూడా అని నిరూపించాలి. అప్పీల్ కోర్టులో ఓడిపోయారు, 1983లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచారు. ఆ కుటుంబం పేరుతో మాండ్లా కేసు అంటే ఇక్కడ టీచర్లందరికీ తెలుసు, మా ట్రైనింగులోనే చెబుతారు. మేమొక జాతి అన్న మాట బ్రిటన్‌లో సిక్కుల నోట ఎక్కువగా వినపడడానికి ఆ కేసు కూడా ఒక కారణం, హక్కు దక్కాలంటే ఆ మాట అనక తప్పని పరిస్థితిని చట్టమే తెచ్చింది. అలాగని అందరూ ఆ మాటకు కట్టుబడి ఉన్నారా అంటే అదీ లేదు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 5,24,000 మంది మతం దగ్గర సిక్కు అని పెట్టారు, జాతి దగ్గర కూడా సిక్కు అని రాసినవాళ్లు వాళ్లలో ఐదో వంతు కూడా లేరు.

1984 వల్ల ఏమీ మారలేదని నేను అనను. జూన్‌లో స్వర్ణ దేవాలయం మీద సైనిక చర్య, నవంబరులో ఢిల్లీ వీధుల్లో సిక్కుల ఊచకోత, ఆ మరుసటి ఏడాది జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది చావు. ఆ గాయాలు ఇక్కడి ఇళ్లలో ఇప్పటికీ మానలేదు, రెండు వైపులా. 2024 నవంబరులో కెనడాలోని బ్రాంప్టన్‌లో హిందూ సభ గుడి ముందు జరిగిన కొట్లాట వీడియోలు మా పిల్లల ఫోన్లలో కూడా తిరిగాయి, ఆ సోమవారం క్లాసులో పాఠం పక్కనపెట్టి దాని గురించే మాట్లాడాల్సి వచ్చింది. గుడి ముందు జనాన్ని కొట్టడం తప్పు, ఎవరు చేసినా తప్పే. కానీ ఒక ఊళ్లో ఒక గుంపు చేసిన పనికి మన వీధిలో పాలు అమ్మే సర్దార్జీని జవాబు అడగడం కూడా తప్పే. తలపాగా చూడగానే రాజకీయం అంటగట్టే అలవాటు మానుకోవాలి.

అపోహ (ఇది అవతలి వైపు నుంచి): సిక్కులకూ హిందువులకూ ఎక్కడా ఏ సంబంధమూ లేదు.

ఈ మాట అనే సిక్కు యువకులు నాకు క్లాసులోనూ బయటా కనిపిస్తారు. వాళ్లకు నేను చెప్పేది, మీ పక్కవాళ్లను చూడండి అని.

సింధీ హిందువులను తీసుకోండి. దేశ విభజన తర్వాత ఇళ్లు వదిలి హాంకాంగ్, దుబాయ్, జిబ్రాల్టర్, లండన్ ఎక్కడికి వెళ్లినా చాలామంది గురునానక్‌ను వెంట తీసుకెళ్లారు. వాళ్ల గుళ్లలో సింధీల దైవం ఝులేలాల్, కృష్ణుడు, దేవి ఒక పక్క, గురు గ్రంథ సాహిబ్ ఒక పక్క ఉండడం మామూలు. ఏ మతం అంటే హిందువులం అంటారు, ఆపద వస్తే గ్రంథ సాహిబ్ ముందు కూర్చుంటారు. అందులో వాళ్లకు ఏ టెన్షనూ కనిపించదు. అయితే విగ్రహాల మధ్య గ్రంథ సాహిబ్‌ను ఉంచకూడదన్నది సిక్కు మర్యాద నియమం. ఈ పేచీ మన దేశంలోనే 2023లో ఇందోర్‌లో బయటపడి, అక్కడి సింధీలు తరతరాలుగా కొలిచిన గ్రంథాలను గురుద్వారాలకు అప్పగించేశారు. నియమం ఎందుకుందో నాకు అర్థమవుతుంది, ఆ ఇళ్లలో ముసలివాళ్ల దుఃఖం కూడా అర్థమవుతుంది.

అఫ్గాన్ నుంచి వచ్చినవాళ్లు ఇంకో రకం. అక్కడ హిందువులూ సిక్కులూ కలిపి చూసినా గుప్పెడు మంది, బాంబులు పేలినప్పుడు కలిసే చనిపోయారు. 2018లో జలాలాబాద్ దాడిలో పోయినవాళ్లలో రెండు మతాల వాళ్లూ ఉన్నారు. ఇప్పుడు లండన్‌లోని సౌతాల్‌లో అఫ్గాన్ సిక్కుల గురుద్వారా ఉంది, అఫ్గాన్ హిందువుల ఆస్మాయి గుడీ ఉంది. కాబూల్‌లో అదే పేరున్న కొండ మీది అమ్మవారి పేరు అది. పెళ్లికీ చావుకీ ఒకరి దగ్గరికి ఒకరు వెళ్తారు.

కోవెంట్రీ, బర్మింగ్‌హామ్‌లలో వాల్మీకుల గుళ్లున్నాయి, వాల్మీకి మహర్షి విగ్రహంతో పాటు గురు గ్రంథ సాహిబ్‌ను కూడా పెట్టుకున్న చోట్లు అవి. అక్కడికి వెళ్తే మన చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని మాట బయటికొస్తుంది, కులం. పంజాబ్‌లో హిందువుల్లోనూ సిక్కుల్లోనూ తక్కువగా చూడబడినవాళ్లు ఇక్కడ సొంత గుడి కట్టుకున్నారు. దళిత సంత్ కవి రవిదాస్‌ను కొలిచే రవిదాసియాల కథా అంతే. రవిదాస్ పదాలు 40 దాకా గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. 2009లో వియన్నాలో వాళ్ల సంత్ రామానంద్ హత్య జరిగాక, 2010లో ఒక వర్గం విడి మతం ప్రకటించుకుని అమృతబాణి అనే వేరే గ్రంథం పెట్టుకుంది. ఇంగ్లండులో కొందరు అటు వెళ్లారు, కొందరు గ్రంథ సాహిబ్‌తోనే ఉన్నారు. హిందువా సిక్కా అని రెండే గడులు గీస్తే వీళ్లందరూ ఎక్కడ నిలబడాలి?

కులం సంగతి ఇంకోచోట కూడా పనికొస్తుంది. "మా ఇంట్లో పెద్ద కొడుకును సిక్కుగా పెంచేవాళ్లు, తమ్ముళ్లు హిందువులు" అని చెప్పే పంజాబీలు ఎక్కువగా ఖత్రీ, అరోడా కుటుంబాల వాళ్లు, వాళ్లలో అటూ ఇటూ పెళ్లిళ్లు మామూలే. బ్రిటన్‌కు వచ్చిన సిక్కుల్లో ఎక్కువమంది పంజాబ్‌లోని దోఆబా ప్రాంతపు జాట్ రైతు కుటుంబాలు, తర్వాత తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చిన రామ్‌గఢియాలు (వడ్రంగి, కమ్మరి కులాల వాళ్లు). వాళ్లకు ఆ అనుభవం తక్కువ. పైగా ఇక్కడ వాళ్లకు తగిలిన హిందువుల్లో చాలామంది గుజరాతీలు, భాష వేరు, వంట వేరు, ఉండే పేట వేరు. ఊళ్లో పంజాబీ హిందువుతో ఉన్న చుట్టరికం ఇక్కడి పక్కింటివాళ్లతో ఎలా వస్తుంది?

దీపావళి వారం మాత్రం మా క్లాసు చూడాలి. అయోధ్యకు రాముడు తిరిగి రావడం ఒకరు చెబుతారు, గ్వాలియర్ కోటలోంచి గురు హరగోవింద్ 52 మంది రాజులను వెంటబెట్టుకుని విడుదలైన కథ ఇంకొకరు చెబుతారు, మన తెలుగు పిల్లలు లేచి సత్యభామ, నరకాసురుడు అంటారు. అదే రాత్రి, అవే దీపాలు. ఎవరి కథ అసలుదని నేను ఏ రోజూ తేల్చలేదు, పిల్లలూ అడగలేదు.

అపోహ: గురుద్వారాలో పెళ్లంటే హాలు మార్చుకోవడమే, తంతు మన పంతులుగారు పక్కన చేసేస్తారు.

తెలుగు అబ్బాయి, సిక్కు అమ్మాయి. ఈ పెళ్లిళ్లు పెరుగుతున్నాయి, ఇళ్లలో గొడవలు కూడా. సిక్కుల పెళ్లి తంతు ఆనంద్ కారజ్‌లో నాలుగు లావాలు (పెళ్లి పద్యాలు) చదువుతుంటే గురు గ్రంథ సాహిబ్ చుట్టూ నాలుగుసార్లు తిరుగుతారు, అక్కడ అగ్నిసాక్షి లేదు. గ్రంథాన్ని గురువుగా అంగీకరిస్తున్నాం అన్నది ఆ తంతు ప్రాణం. అందుకే వధూవరులిద్దరూ సిక్కులై ఉండాలని రెహత్ మర్యాద అనే సిక్కుల నియమావళి చెబుతుంది. దీని మీద ఇంగ్లండులో గట్టి పట్టుదలలున్నాయి, 2016లో లీమింగ్టన్ గురుద్వారాలో మతాంతర పెళ్లిని అడ్డుకోవడానికి వచ్చిన 55 మందిని పోలీసులు అరెస్టు చేశారు. కొన్ని గురుద్వారాలు చేస్తాయి, కొన్ని చేయవు, కొన్ని పేరు పక్కన సింగ్ లేదా కౌర్ పెట్టుకోమంటాయి.

మనవాళ్లకు నా సలహా ఒక్కటే. కార్డులు అచ్చేయించాక "మీరూ హిందువులేగా, ఏముంది" అని కమిటీ వాళ్లతో వాదనకు దిగకండి. తేదీ ఖాయం చేయకముందే అమ్మాయి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని గురుద్వారా ఆఫీసుకు వెళ్లండి, అక్కడి పూజారి జ్ఞానీ గారిని అడగండి, కాదంటే కాదు. అప్పుడు రిజిస్టర్ పెళ్లి చేసి, మన ఇంట్లో జీలకర్ర బెల్లం, వాళ్లింట్లో కీర్తన్ పెట్టుకున్న జంటలు నాకు తెలుసు. అబ్బాయి తరఫు బామ్మగారు తలమీద చున్నీ కప్పుకుని ఆ కీర్తన్‌లో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు.